ఆరో చెయ్యి

నక్షత్రం తిరుగుతోంది. సముద్రం వైపు కిటికీలోంచి గాలి వచ్చినప్పుడల్లా గాలపు దారానికి వేలాడుతూ కాస్త కుడికి, కాస్త ఎడమకి, మళ్ళీ కుడికి. సరిగ్గా అయ్యగారి తల మీద. లీదియా ఆడవాళ్ళ వైపు చాప మీద, తల్లి మేరి పక్కన మోకాళ్ళు ముడుచుకుని కూర్చుని దాన్నే చూస్తోంది. చూడకూడదనుకుంటూనే చూస్తోంది. అయ్యగారు తూర్పుదేశపు జ్ఞానులను ఇంకా దారిలోనే నడిపిస్తున్నారు. వాళ్ళు బేత్లెహేము చేరి, కానుకల పాట పాడి, ఆఖరి దీవెన అయ్యేవరకూ ఇక్కడి నుంచి కదిలే వీలు లేదు. రంగత్ తెలుగు సంఘంలో ఆరాధన మధ్యలో ఆడపిల్ల లేచి బయటికి నడిచిందంటే కడుపునొప్పయినా వచ్చి ఉండాలి, దయ్యమైనా పట్టి ఉండాలి. అందుకని కూర్చుంది. కూర్చుని, వెండిరంగు పూసుకుని మెరిసిపోతున్న ఆ నక్షత్రానికి చేతులు లెక్కపెడుతోంది. అయిదు. ఎన్నిసార్లు లెక్కపెట్టినా అయిదే. ఏప్రిల్‌లో తన అరచేతిలో మెల్లగా పాకినప్పుడు దానికి ఆరు ఉండేవి.

పాకింది, అవును. అది కాగితం నక్షత్రం కాదు, డబ్బా రేకు కత్తిరించి చేసింది కాదు, అది బతికిన జీవి, సముద్రపు నక్షత్రచేప. ఈ గదిలో కూర్చున్నవాళ్ళలో సగంమంది అది ఎప్పుడో బతికి ఉండేదని కూడా అనుకుని ఉండరు. జెట్టీకి ఇవతల కొండచరియ కింద తీరంలో చిన్న మలుపు ఉండేది. మామూలు రోజుల్లో అక్కడ నీళ్ళు తప్ప ఏమీ కనబడవు. అమావాస్య పాటుకి సముద్రం బాగా వెనక్కి పోయినప్పుడు మాత్రం పగడపు రాళ్ళు పలకల్లా బయటపడేవి, కాసేపే, మళ్ళీ పోటు వచ్చి కప్పేసేది. సెలవు మీద ఇంటికి వచ్చిన లీదియా ఆ కాసేపటి కోసం తెల్లారకుండానే లేచి వెళ్ళి గట్టు మీద కూర్చునేది. రాయి ఎత్తితే చూసుకుని మళ్ళీ అదే ముఖం కిందికి వచ్చేలా దించాలి, లేకపోతే కింద నీడలో బతికేవన్నీ ఎండకి మాడి చస్తాయి. పోర్ట్ బ్లెయిర్‌లో సముద్రజీవుల ఆఫీసులో చేరిన మొదటి వారం నేర్పిన పని అదే. అలా ఎత్తిన ఒక రాయి కింద ఇటుకరంగులో, కొసలు మాత్రం పసుపు ముంచినట్టు, ఆరు చేతులతో ఉన్నాయి అవి. ఒకటి కాదు, గుంపు. ఆరు చేతులూ ఒకే పొడవు. తెగి మళ్ళీ మొలిచిన చెయ్యి పొట్టిగా ఉంటుంది, రంగు వెలిసినట్టు ఉంటుంది, చూస్తే ఎవరికైనా తెలుస్తుంది. చూస్తే. అదే కదా వచ్చిన చిక్కు. వరసగా ఎన్ని పాట్లకి వెళ్ళి చూసిందో, వెళ్ళిన ప్రతిసారీ అవి అక్కడే ఉన్నాయి, ప్రతిసారీ ఆరే. అప్పుడు గానీ ఒకదాన్ని చేతిలోకి తీసుకోవడానికి ధైర్యం చాలలేదు. ఇప్పుడు ఆ ఒక్కటీ అక్కడ, దూలానికి, మెరుస్తూ.

గాలి ఆగింది, నక్షత్రం నిలబడింది. తల తీసేసిన మనిషిలా ఉంది. తెగిన చోటే మేకు గుచ్చి దారం కట్టారు, ఖాళీ పైకి పోయింది, కింద కూర్చున్నవాళ్ళకి కనబడదు. ఎంత నైపుణ్యం. పొద్దున్న గుడి మెట్ల దగ్గర చెప్పులు విడుస్తుంటే సంఘపెద్ద దేవప్రసాద్ తనే ఎదురొచ్చి చెప్పాడు. ఫారెస్టు డిపార్టుమెంటులో వడ్రంగి ఆయన, ఈ బల్లలూ పీఠమూ అన్నీ ఆయన చేతివే. లీదియా పుట్టకముందు నుంచీ వాళ్ళింటికి రాకపోకలున్న మనిషి, పెద్దయ్యా అని పిలుస్తుంది. ముఖమంతా నవ్వు చేసుకుని, "ఎలాగుంది లీదియమ్మా మన తారా? మీ అమ్మ తెచ్చినప్పుడు కోనాలు ఛే ఉన్నాయి, ఆరు. ఛే కోనాల తారా ఎక్కడైనా ఉంటాదేటి? దేవుడింట్లో తేడాగా ఉండకూడదని ఒకటి తీసీసినాను. చిన్న ఆరీ పెట్టి కోసినాను, బరాబర్ వొచ్చింది" అన్నాడు. మెచ్చుకుంటుందని నిలబడ్డాడు. లీదియా ఏమంది? తల ఊపింది. ఆ తల ఊపినందుకు ఇప్పుడు తన మెడ తనే విరుచుకోవాలనిపిస్తోంది. చిన్నప్పటి నుంచీ అంతే, మంచి పిల్ల, నోట్లో నాలుక లేని పిల్ల, కూర్చోబెట్టిన చోట కూర్చునే పిల్ల. నక్షత్రానికి అయిదు కోణాలని ఏ సువార్తలో రాశారు పెద్దయ్యా అని అడగొచ్చు కదా. ఆ జ్ఞానులు చూసినదానికి ఎన్ని కోణాలో ఎవరైనా లెక్కపెట్టారా? బజార్లో బెంగాలీ కొట్టులో వేలాడే కాగితం నక్షత్రాలకి అయిదు, కేకు డబ్బా మీద బొమ్మకి అయిదు, అందుకని సముద్రంలో పుట్టినదానికీ అయిదే ఉండాలి. లేకపోతే రంపం ఉంది.

తేడా. ఆ మాటే కదా ఆఫీసులో శారదాదేవి మేడం రోజూ చెప్పేది. పోర్ట్ బ్లెయిర్‌లో, సీసాల గదిలో, స్పిరిట్ వాసనకి కళ్ళు మండుతుంటే, ఒక పళ్ళెం నిండా గవ్వలు పోసి వేరు చేయమనేది. లీదియా రంగుని బట్టి వేరు చేసింది మొదట్లో. మేడం నవ్వలేదు, తిట్టలేదు, అన్నీ మళ్ళీ కలిపేసింది. రంగు ఎండకి పోతుంది, సైజు వయసుతో మారుతుంది, పోలిక చూడకమ్మాయ్, పోలిక మోసం చేస్తుంది, తేడా పట్టుకో అంది. పెదవి లోపలి పళ్ళు చూడు, మెలిక ఎటు తిరిగిందో చూడు. వారాల తరబడి ఆ పళ్ళెం ముందు కూర్చున్నాక ఒకరోజు, ఒకేలా ఉన్న రెండు గవ్వలు ఒకేలా లేవని కళ్ళకి దానంతటదే తెలిసింది. ఆ రోజు ప్రోతరాపూర్ బస్సులో నిలబడి వెళ్తూ జనం ముఖాలన్నీ కొత్తగా చూసింది. ఆరు చేతుల సంగతి చెప్పినప్పుడు కూడా మేడం ఎగిరి గంతెయ్యలేదు. ఆరు చేతులున్నంత మాత్రాన వేరే జాతి అనుకోకు, అయిదు చేతులదానికే ఒక్కోసారి ఆరోది మొలుస్తుంది అంది. గుంపు మొత్తం అలాగే ఉంటే మాత్రం ఆలోచించాలి. నడినెత్తిన నీళ్ళు పీల్చుకునే జల్లెడ బిళ్ళ ఒకటుందా, రెండున్నాయా? చేతి కింద గాడి ఉంటుంది కదా, దాని అంచున ముళ్ళు చూశావా, మనకి తెలిసినదానికి వరసకి రెండేసి ఉంటాయి, దీనికి ఎన్ని? పోటు తరుముకొస్తుంటే లీదియా తీసి సీసాలో వేసింది, కింది వైపు సరిగ్గా చూడలేదు. సరే, తీసుకురా, వేరేదని మనకి నమ్మకం కుదిరితే కలకత్తా పెద్దాఫీసుకి పంపుదాం, కొత్త సంవత్సరం ఓడలో వెళ్తుంది అంది మేడం. వస్తువు లేకుండా పేరు రాదమ్మాయ్. ఎంత బాగా చెప్పినా, ఎంత నిజం చెప్పినా.

పేరు. అయ్యగారు ఆదికాండంలోకి వెళ్ళారు ఎందుకో, దేవుడు నరుడికి ఇచ్చిన అధికారం అంటున్నారు. ఆదివారపు బడిలో ఈ చాప మీదే లీదియా తెలుగు అక్షరాలు నేర్చుకుంది, బయట బడి అంతా హిందీయే. ఆదాము జంతువులన్నిటికీ పేర్లు పెట్టిన కథ కూడబలుక్కుని చదివింది ఇక్కడే. పశువులను తీసుకొచ్చారు ఆయన దగ్గరకి, పక్షులను తీసుకొచ్చారు, అడవి మృగాలను తీసుకొచ్చారు. సముద్రంలోవాటిని ఎవరూ తీసుకురాలేదు. అందులో లేదు, కావాలంటే చూసుకోండి. పాటుకి తేలిన రాయి కింద ఏముందో ఆదాము వంగి చూడలేదు, మిగిలిపోయాయి అవన్నీ, పేరు లేకుండా, ఇన్నాళ్ళూ. ఒక్కదానికైనా పెడదామని తను వంగితే వీళ్ళు దాన్ని కోసి మేకు కొట్టారు.

ఎవరిని అనాలి? సీసాని అమ్మ మంచం కింద పెట్టింది తనే. స్పిరిట్‌లో బాగా గట్టిపడకుండా బస్సులో తీసుకెళ్తే రోడ్డు కుదుపులకి చేతులు ఊడొస్తాయి, సెలవు చూస్తే అయిపోయింది. పొయ్యికి దూరంగా ఉంచమ్మా, మూత తీయకు, ఇది నాకు మొదటిది, జాగ్రత్త అని చెప్పి మరీ వెళ్ళింది. మొదటిది. ఆ మాట అన్నందుకే. ఎవరో చూపించినది కాదు, ఎవరో సీసాలో వేసి ఇచ్చినది కాదు, తను తనంతట చూసిన మొదటిది అని తన అర్థం. మేరికి మొదటిది అంటే ఒకటే అర్థం. దొడ్లో అరటిచెట్టు వేసిన మొదటి గెల గుడికి పోయింది. కోడి పెట్టిన మొదటి గుడ్డు గుడికి పోయింది. లీదియా మొదటి జీతం, కవరు కూడా విప్పకుండా, గుడికి పోయింది, దానికి లీదియా కూడా సరేనంది. మొదటిది దేవుడిది. వర్షాలు వెనకబట్టాక మేరి సీసా మూత తీసి, ముక్కు మూసుకుని స్పిరిట్ పారబోసి, నక్షత్రాన్ని రేకుల మీద ఎండబెట్టి, వాసన పోవాలని కొబ్బరినూనె రాసి, తెల్లగుడ్డలో చుట్టి మోసుకొచ్చింది గుడికి. లోపల పెన్సిలుతో రాసి వేసిన చీటీ, ఎక్కడ దొరికింది, ఎంత లోతు, ఏ పాటుకి, ఆ చీటీ పొయ్యిలో పడింది. నిన్న సాయంత్రం బస్సు దిగి ఇంటికి వచ్చి మంచం కిందికి వంగితే సీసా ఉంది. నిండా నిమ్మకాయ ఊరగాయ ఉంది. "ప్రభువుకి ఇచ్చీసినాను బిడ్డా, నీ చేతి పని కదా, నీకు మేలు జరుగుతాది" అంది అమ్మ, కళ్ళలో వెలుగు పెట్టుకుని. ఆ వెలుగు చూస్తే కోపం రాకూడదు. వచ్చింది. రాత్రి అన్నంలో ఆ ఊరగాయే వేసింది అమ్మ, లీదియా ముట్టుకోలేదు, పండక్కి వచ్చిన పిల్ల తినకపోతే దిష్టి అనుకుంది అమ్మ.

పోతే పోయింది, మళ్ళీ వెళ్ళి ఇంకోటి తెచ్చుకోవచ్చనుకుని తెల్లారి పరిగెత్తింది కొండచరియకి. మలుపు లేదు. జెట్టీని పొడిగించడానికి వర్షాలు తగ్గగానే రాళ్ళు పోశారట, లారీల కొద్దీ, కొండని పేల్చి కొండనే తెచ్చి పోశారు. పాటుకి నీళ్ళు వెనక్కి పోయాయి, కింద పలకరాళ్ళు తేలలేదు, బండలు తేలాయి, ఒక్కోటి ఎద్దంత. వాటి అడుగున ఎక్కడో ఇటుకరంగువి, కొసలు పసుపువి. ఒక రాయిని అదే ముఖం కిందికి వచ్చేలా దించడానికి తను ఊపిరి బిగబట్టేది. ఆ పని మేస్త్రీ ఎవరు? నాన్న. అదిగో మగవాళ్ళ వైపు, స్తంభానికి ఆనుకుని, ప్రసంగంలో కళ్ళు మూసుకుని, యిర్మియా. పొద్దున్న అక్కడే ఎదురైతే అడిగింది, ఇక్కడెందుకు పోశారు నాన్నా అని. "రాయి ఎక్కడో అక్కడ పడాలి కదమ్మా. ఇంజినీరు సాబు గీత గీసినాడు, మేం పోసినాం" అన్నాడు. ఎక్కడో అక్కడ. ఆ వెండిరంగు డబ్బా ఎక్కడిదో కూడా అప్పుడే తెలిసింది, జెట్టీ కమ్ములకి వేయగా మిగిలినది, దేవప్రసాద్ అడిగితే నాన్నే ఇచ్చాడు. అమ్మ ఇచ్చింది, పెద్దయ్య కోశాడు, నాన్న రంగిచ్చాడు. అందరివీ మంచి చేతులే. ఎవరి చేతిలోనూ పాపం లేదు, ఒక్క చెయ్యీ కడుక్కోనక్కర్లేదు. అదే ఊపిరి ఆడనివ్వడం లేదు. ఒక్క దుర్మార్గుడు ఉంటే బాగుండేది, వాడిని తిట్టుకునేది.

ఆ రంగు ఎంత మందంగా పూశారు. జల్లెడ బిళ్ళ ఎక్కడుందో కనబడకుండా పూశారు. థిన్నర్‌తో తుడిస్తే రంగు పోవచ్చు, మీద ఉన్న చిన్న చిన్న కొక్కేల్లాంటివి కూడా రంగుతోబాటే ఊడిపోవచ్చు. అయినా నడిబొడ్డు మిగులుతుంది. బిళ్ళ ఒకటో రెండో తెలుస్తుంది. కింది గాడిలోకి రంగు కారి గడ్డకట్టి ఉంటుంది, ముళ్ళన్నీ అతుక్కుపోయి ఉంటాయి, అది మాత్రం ఇక తెలియదు, ఆరో చెయ్యి ఉంటే తెలిసేది, రంగు వేయకముందే కోశారు కదా. అది ఏమైందని అడగలేదు పెద్దయ్యని. రంపపు పొట్టుతో బాటు ఊడ్చేసి ఉంటారు. అడగలేదు. తల ఊపింది.

జ్ఞానులు చేరుకున్నారు ఎట్టకేలకి. అయ్యగారు పుస్తకం మూశారు. అందరూ లేచి నిలబడ్డారు, కానుకల పాట ఎత్తుకున్నారు, వెనక డోలక్ అందుకుంది. పొడుగు కర్రకి కుట్టిన ఎర్రటి సంచి పట్టుకుని దేవప్రసాద్ మగవాళ్ళ వైపు నుంచి మొదలుపెట్టాడు. పక్కన మేరి చేతిరుమాలు ముడి విప్పుతోంది. ఆరాధన మొదలైనప్పటి నుంచీ ఆ ముడినే తడుముతోంది అమ్మ, విప్పుతోంది, కడుతోంది, కోపంలో లీదియా పట్టించుకోలేదు. ఇప్పుడు చూసింది. చిన్నప్పుడు గుడికి తీసిపెట్టిన గెలలోంచి తను ఒక్క పండు తిన్నప్పుడు కూడా ఈ వేళ్ళు ఇలాగే కొంగు ముడి విప్పుతూ, కడుతూ ఉన్నాయి. కొట్టలేదు అమ్మ, ఏడ్చింది. అననీయ, సప్పీరా కథ చెప్పింది, దేవుడికిస్తామన్న సొమ్ములో కొంత దాచుకుని మొగుడూ పెళ్ళాలు ఒకరి వెనక ఒకరు కూలిపోయి చచ్చారని. పండు తొక్క తెచ్చి గెల మీద పెట్టించింది. ఆ తర్వాత చాన్నాళ్ళు లీదియా రాత్రి పడుకునే ముందు ఊపిరి ఆడుతోందో లేదో ముక్కు దగ్గర వేలు పెట్టి చూసుకునేది.

రుమాలు విడింది. చిల్లర. చిల్లర పక్కన ఇటుకరంగు పోయి ఎండి గోధుమరంగుకి తిరిగినది, వేలంత పొడవు, కొస మాత్రం ఇంకా పసుపు.

పాట ఎక్కడో దూరంగా పోయింది. అమ్మ దాన్ని పారేయలేదు. పిల్ల చేతి పని అని తీసుకుని దాచుకుంది, కోసిన రోజు నుంచీ కొంగునో రుమాల్లోనో పెట్టుకుని తిరుగుతోంది. దాచుకున్నానని భయపడుతూనే దాచుకుంది. ఎర్ర సంచి చాప దాకా వచ్చింది, వరస దాటింది, ముందుకొచ్చి ఆగింది. మేరి చిల్లర వేసింది. తర్వాత ఆ ఆరో చేతిని పట్టుకుని సంచి నోటి మీదికి చాచింది. ఎండిన దాని మీద నాణేలు పడితే ముళ్ళు నుగ్గయిపోతాయి అన్నది ఒక్కటే తట్టింది లీదియాకి. తల్లి మణికట్టు పట్టుకుంది.

"వొదులు బిడ్డా," అంది మేరి పెదవులు కదలకుండా. "ఇచ్చీసినదాంట్లోంచి ముక్క దాచీసినాను. నిద్ర పట్టట్లేదు నాకు."

"నువ్వేం దాచలేదమ్మా. నువ్విచ్చింది నీది కాదు."

గొంతు పెద్దది చేయలేదు. పాటలో చరణం అయిపోయింది, అంతే, మాట అందరికీ వినబడింది. డోలక్ ఒక దెబ్బ వేసి ఆగింది. మగవాళ్ళ వైపు యిర్మియా కళ్ళు తెరిచాడు. లీదియా అమ్మ వేళ్ళు ఒక్కొక్కటే విప్పింది, రాయి ఎత్తినంత నెమ్మదిగా, లోపలిది విరగకుండా. అమ్మ వేళ్ళు మొదట బిగుసుకున్నాయి. తర్వాత వాటంతటవే వదిలేశాయి.

"ఏటమ్మా ఇది, ఆరాధనలో," అన్నాడు దేవప్రసాద్ సంచి దించకుండానే. "దేవుడికి ఇచ్చింది వాపస్ అడగకూడదు."

"నేను ఇవ్వలేదు పెద్దయ్యా, నన్నెవరూ అడగలేదు. దేవుడు దానికి ఆరు ఇచ్చాడు. అయిదు చేసింది మీరు."

ఆయన దూలం వైపు తలెత్తాడు. తను కోసినది తనకే కొత్తగా కనబడినట్టు చూశాడు. లీదియాకి జాలి వేయలేదు. వేస్తుందేమోనని ఎదురుచూసింది, వేయలేదు.

"దీవెన అయ్యాక నిచ్చెన తెండి. మిగతాది దించుకోవాలి."

సంచి ముందుకు కదిలింది. ఎవరో పాట మళ్ళీ అందుకున్నారు, పాట సగం గుడిలోనే ఉంది, సగంమంది ఇటే చూస్తున్నారు. మేరి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది, ఏడుస్తోందో ప్రార్థిస్తోందో తెలియదు, ఊపిరి మాత్రం ఆడుతోంది. లీదియా అరచెయ్యి తెరిచి ఆరో చేతిని వెల్లకిలా తిప్పింది. రంగు లేదు, నూనె మరక ఉంది, రంపం తగిలిన చోట చివర కాస్త రాలింది. గాడి ఉంది. గాడి అంచున ముళ్ళు ఉన్నాయి. కిటికీ వెలుతురులోకి పట్టుకుని, కళ్ళు చిట్లించి, వరస వెంట చూపుని నెమ్మదిగా నడిపించింది. రెండు కాదు. మళ్ళీ మొదటి నుంచి చూసింది, కోపం కళ్ళకి అడ్డం పడకుండా. వరసకి మూడు.